వాపసు వచ్చిన ఏడు పుస్తకాలు

“తెరుచుకోవట్లేదట! తెరవడం చేతకానివాళ్లకి పుస్తకాలెందుకంట? బీరువాలో పెట్టి తాళం వేసుకోమను!”

అత్తగారు ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. అన్న ప్రతిసారీ గుమ్మం పక్కన పడి ఉన్న మూటకేసి ఉరిమి చూస్తోంది. మూటలో ఏడు పుస్తకాలు. మొన్న సాయంత్రం గ్రంథాలయం బంట్రోతు వాటిని అక్కడ దించి, ఒక ఉత్తరం చేతిలో పెట్టి, సైకిలెక్కి తన దారిన తాను పోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ సరిగా ముద్ద దిగలేదు.

లోపలి గదిలోంచి పెట్టెలో ఏవో సర్దుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

“ఒరేయ్ నాన్నా, నీతోనేరా!”

“వింటున్నానమ్మా.”

“విని ఊరుకుంటే సరా? నాలుగింటికి ఆ బైండింగు మేస్త్రి వస్తాడుగా, నాలుగూ దులిపెయ్. రాత్రనక పగలనక పన్నెండు పుస్తకాలు కుట్టావు...”

“అందులో ఏడు పాడుచేశాను. దులపడానికేముంది? సామాను తిరిగిచ్చేస్తాను. ఇంతటితో సరి.”

కుట్టుమిషను ముందు కూర్చున్న కోడలు తలెత్తలేదు. వీధి వీధంతా ఆమెను టైలరమ్మ అనే పిలుస్తుంది. ఆమె వేసిన కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత సన్నం, అంత బిగువు. అలాంటి మనిషి అరగంట నుంచి మిషను తొక్కుతూనే ఉంది గాని, సూది కింద బట్ట లేదు. అత్తగారు అటు చూడలేదు కాబట్టి సరిపోయింది.

ఆ ఏడు పుస్తకాలూ కుట్టింది ఆమె.

ఇంత మాట నేను ఇంత తేలిగ్గా చెప్పేశాను గాని, ఆమె రెండు రోజులుగా నోరు పెగలక లోపల్లోపలే చచ్చిపోతోంది. కళ్లు పోగొట్టుకుని యుద్ధం నుంచి వచ్చిన మొగుడు, ఏడాదిపాటు గోడకు ముఖం పెట్టి పడుకున్న మనిషి, మాజీ సైనికుల పనిశాలవాళ్ల పుణ్యమా అని లేచి కూర్చున్నాడు. ఆర్నెల్లు బైండింగు నేర్చుకున్నాడు. ఫారాలు, అంటే మడతపెట్టిన అచ్చుకాగితాల కట్టలు, వేళ్లతో సర్దడం, నొక్కులున్న అట్టముక్క ఆనించి దబ్బనంతో బెజ్జాలు పొడవడం, మైనం పట్టించిన దారంతో ఫారం వెంట ఫారం కుట్టుకుపోవడం, అన్నీ చూపుతో పని లేకుండా వచ్చాయి. చివరికి పరీక్షగా గ్రంథాలయం పాత పుస్తకాలు పన్నెండు ఇంటికి పంపారు. ఇవి గట్టెక్కితే పనిశాలలో అతనికంటూ ఒక బల్ల.

మధ్యాహ్నం మందు వేసుకుని అతను రెండు గంటలు పడుకునేవాడు. అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె అతని కుట్టు చూసింది. దారం వదులుగా ఉంది. కింద వేలి గోరు దూరుతోంది. అయ్యో, పాపం, అనుకుంది. వీధిలో అలికిడి లేదు. కిటికీ తెర ఉబ్బుతోంది, మళ్లీ గోడకంటుకుంటోంది. అతని ఊపిరి నిదానంగా వినిపిస్తోంది. ఆ నిశ్శబ్దంలో ఆమె చేతులు తమంతట తామే కుట్టు విప్పాయి, బిగించి మళ్లీ కుట్టాయి. నిద్రలో నడిచినవాళ్లకి ఎలా ఉంటుందో గాని, ఆమెకు అలాగే ఉండేది. నాలుగయ్యేసరికి పుస్తకం మళ్లీ అతని బల్ల మీద, ఉన్నచోటే ఉండేది.

అలా ఏడయ్యాయి. బడి పిల్లల యూనిఫారాల పని మీద పడి మిగిలిన ఐదింటికీ తీరిక చిక్కలేదు. చిక్కకపోవడమే మంచిదైంది. ఆ ఐదూ చక్కగా ఉన్నాయనీ, ఈ ఏడింటికీ కుట్టు మరీ బిగిసిపోయి, బలవంతాన తెరిస్తే కాగితం చిరుగుతోందనీ ఉత్తరంలో రాశారు. ఉత్తరం అతనికి చదివి వినిపించింది కూడా ఆమే. గొంతు వణక్కుండా చదివింది, మహాతల్లి.

టీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లింది. బయట ఎండా లేదు, వానా లేదు. గదంతా ఒక తెల్లటి వెలుతురు పరుచుకుని ఉంది. మైనం వాసన వేస్తోంది. అతను మంచం మీద కూర్చుని దారపు ఉండలు ఒక్కొక్కటే తడిమి పెట్టెలో పెడుతున్నాడు.

“టీ తెచ్చాను.”

“అక్కడ పెట్టు.”

పెట్టలేదు. చేయి పట్టుకుని గ్లాసు అందించింది. అతని వేళ్ల కొసలు దబ్బనం పోట్లతో గరుకుగా తగిలాయి.

“రెండు రోజులైంది మీరు కల చెప్పి,” అంది.

కళ్లు పోయినా అతనికి కలలు పోలేదు. కలలో అన్నీ మునుపటిలాగే కనిపిస్తాయి. పొద్దున్నే టీ తాగుతూ అతను కల చెప్పడం, ఆమె రంగులు అడగడం, ఆ ఇంట్లో దినచర్య. అత్తగారికి ఈ వ్యవహారం బొత్తిగా గిట్టదు. ఉన్న పనులు చాలక మీ కలలు కూడా ఊడవాలా అంటుంది.

“నిన్న వచ్చింది ఒకటి,” అన్నాడు. “పెద్ద హాలు. పైకప్పు లేదు. పుస్తకాలు నడుస్తున్నాయి.”

“నడుస్తున్నాయా?”

“మనుషుల మధ్యలోంచి, మామూలుగానే. ఎవరి ముందు ఆగితే వాళ్లకి తెరుచుకుంటున్నాయి. తెరుచుకున్న ప్రతిదాంట్లోంచీ వెలుతురు. అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి ఆ వెలుతుర్లో. నా దగ్గరికీ ఒకటి వచ్చి ఆగింది.”

“అట్ట ఏ రంగు?”

“ఆకుపచ్చ. నువ్వు చెప్తుంటావే, తడిసిన గడ్డి రంగు. తెరుద్దామని పట్టుకున్నాను. ఊహూఁ. బతిమాలాను కూడా. పుస్తకాన్ని బతిమాలడమేంటి చెప్పు? కలలో కాబట్టి ఎవరూ నవ్వలేదు.”

తనే నవ్వాడు.

“ఏవండీ, మేస్త్రి గారికి సామాను ఇవ్వకండి. ఐదు బాగా వచ్చాయన్నారుగా.”

“అదే నా భయం,” అన్నాడు. గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుతున్నాడు. “పన్నెండూ చెడితే నాకు పని రాలేదనుకుందును, ఇంకా నేర్చుకుందును. ప్రతి కుట్టుకీ దారం వదిలానని ఒట్టేసి చెప్పగలను. గోరు దూర్చి మరీ చూసుకున్నాను. మేస్త్రి మొదటి రోజు చెప్పిన మాటే అది, పుస్తకం తెరుచుకోవాలంటే ఆ గోరంత వదులుండాలని. ఇప్పుడు వాపసు వచ్చినవాటిని తడిమితే రాయిలా బిగిసి ఉన్నాయి. అంటే ఏంటి? నా వేళ్లు ఒకటి చేసి నాకు ఇంకొకటి చెప్తున్నాయి. కళ్లు పోయినా వేళ్లున్నాయనుకున్నాను. వాటినీ నమ్మలేకపోతే ఇంక నేను దేన్ని పట్టుకుని బతకను?”

ఆమె నోరు తెరిచింది.

“నువ్వేం ఓదార్చకు,” అన్నాడు వెంటనే. “ఆసుపత్రిలో ప్రతివాడూ చూపొస్తుంది, చూపొస్తుంది అన్నాడు. రాదండీ అని నా చెవిలో చెప్పింది నువ్వొక్కదానివే. ఆ రోజు నీ మీద ఎంత కోపమొచ్చిందో. కానీ ఆ మాట పట్టుకునే లేచాను. ఈ లోకంలో నాతో అబద్ధమాడని మనిషి నువ్వే. ఇప్పుడు మొదలుపెట్టకు.”

తెరిచిన నోరు అలాగే మూసుకుంది. టీ చల్లారింది.

వీధి మెట్ల మీద ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా అడుగుల చప్పుడైంది. మేస్త్రి నాలుగింటికి రావలసినవాడు మూడున్నరకే దిగాడు. ఆయన కూడా మాజీ సైనికుడే. ఎడమ కాలు మోకాలి కింద నుంచి కట్టెకాలు. చంకలో ఒక పుస్తకం ఇరికించుకుని వచ్చాడు.

ఆయన గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, అత్తగారు ఒంటికాలి మీద లేచింది. “ఏమయ్యా, గుడ్డివాడని ఆడిస్తారా? ఆశలు పెట్టడమెందుకు, మూటలు వెనక్కి పంపడమెందుకు?”

“కూర్చోండమ్మా,” అన్నాడు మేస్త్రి. “ఒంటికాలి మీద లేవడం నా ఒక్కడికే చెల్లు.”

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మరింత మండిపోయి కుర్చీలో కూలబడింది.

అతను పెట్టెతో బయటికి వచ్చాడు. గోడ వెంట చేయి రాస్తూ నడిచి, సరిగ్గా మేస్త్రి ముందు ఆగి, పెట్టె ముందుకు పట్టాడు. “దబ్బనాలు నాలుగు, దారం మూడు ఉండలు, మైనం, అట్టముక్క. చూసుకో అన్నా.”

మేస్త్రి పెట్టె అందుకోలేదు. మూట విప్పి, పైనున్న పుస్తకం తీసి, కుట్టు ఉండే వీపు మీద బొటనవేలు కింది దాకా నడిపించాడు. రెండోది తీశాడు. మూడోది తీశాడు. ఏడూ అయ్యాక తను తెచ్చిన పుస్తకాన్ని కూడా అలాగే తడిమాడు. తర్వాత తలెత్తి గది కలయజూశాడు. చూపు కుట్టుమిషను మీద ఒక క్షణం ఆగింది.

ఆయన ఆమెతో అన్నదల్లా, “ఒక గ్లాసు టీ దొరుకుతుందామ్మా?” అని.

టీ ఇచ్చింది. ఆయన దాన్ని ఊదుకుంటూ, ఒక్కొక్క గుక్కా తాగుతూ ఎంతసేపు చేశాడంటే, అత్తగారు కూడా అసహనంగా కదిలింది. తెర ఉబ్బి మళ్లీ గోడకంటుకుంది. తనకు సమయమిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. చెప్తే అతను తనను మళ్లీ నమ్మడు. చెప్పకపోతే అతను తన చేతుల్ని తానే నమ్మడు. ఈ రెండింట్లో ఒకటి పోవలసిందే.

గ్లాసు ఖాళీ అయింది. మేస్త్రి నిట్టూర్చి లేచాడు. పెట్టె అందుకున్నాడు. “సరే తమ్ముడూ. నీ ఇష్టం.”

కట్టెకాలు గడప దాటింది.

“ఆ పెట్టె దించండి,” అంది ఆమె. అంత గట్టిగా అంటానని తనకే తెలియదు. “ఆ ఏడూ ఆయన కుట్టలేదు. నేను కుట్టాను.”

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది. అతను కదల్లేదు.

“మళ్లీ చెప్పు,” అన్నాడు.

“మీరు కుట్టినవి విప్పేసి నేను కుట్టానండీ. మధ్యాహ్నాలు, మీరు పడుకున్నప్పుడు. దారం వదులుగా కనిపించింది. పాడైందనుకున్నాను. వాళ్లు వద్దంటే మీరు మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటారని భయమేసింది.”

“నన్నడగొచ్చుగా?”

“అడిగితే మీ కుట్టు బాగాలేదని చెప్పినట్టవుతుందని...”

“ఓసి నీ తెలివి తెల్లారా!” అత్తగారు నెత్తి కొట్టుకుంది. “రెండు రోజులుగా నేను ఆ లైబ్రరీవాళ్లని దుమ్మెత్తిపోస్తుంటే చెవులప్పగించి వింటావా? వాళ్ల ముఖం నేనిప్పుడు ఎలా చూసేది?”

అతను ఆ మాటలు వినిపించుకోలేదు. చేయి చాచాడు. మేస్త్రి తను తెచ్చిన పుస్తకాన్ని ఆ చేతిలో పెట్టాడు. గ్రంథాలయంవాళ్లు ఉంచుకున్న ఐదింట్లో ఒకటి. అతను అక్కడే కూర్చుని, దాన్ని ఒడిలో పెట్టుకుని మధ్యకు తెరిచాడు. రెండు వైపులా పేజీలు ఒత్తకుండానే పడుకున్నాయి. ఇంకోచోట తెరిచాడు. అక్కడా అంతే.

“ఇది నాదేనా?”

“అచ్చంగా నీదే. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, తమ్ముడూ. ఇంత సమంగా దారం వదలడం నాకే రాదు.”

“అయితే నా వేళ్లు నిజమే చెప్పాయి,” అన్నాడతను నెమ్మదిగా.

అప్పుడతని ముఖం చూసింది ఆమె. అతను యుద్ధానికి వెళ్లకముందు, పెళ్లైన కొత్తలో, దొడ్డితలుపు దగ్గర నిలబడి ఎందుకో ఊరికే నవ్వుకునేవాడే, ఆ ముఖం. ఆమెకు ఒళ్లంతా తేలికైపోయింది. ఇక ఏం తిట్టినా పడొచ్చు అనుకుంది. పిచ్చిది, అక్కడితో అయిపోయిందనే అనుకుంది.

మేస్త్రి పెట్టెను కుర్చీ కింద పెట్టాడు. “సోమవారం ఎనిమిదింటికి కిటికీ పక్క బల్ల నీది. ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. నేర్చుకున్నన్నాళ్లూ మా వ్యాను వచ్చింది. పనిలో చేరినవాడికి వ్యాను రాదు. ఎవరూ చేయి పట్టుకుని తీసుకురాకూడదు కూడా. ఎవడి దారి వాడే రావాలి. కాళ్లు లేనివాడు తన బండి తానే తోసుకుంటూ వస్తాడు. మాకున్న కట్టుబాటు అదొక్కటే.”

“వస్తానన్నా. వీధి చివర రొట్టెల కొట్టుకి నేనొక్కణ్ణే వెళ్లొస్తున్నానుగా.”

“మంచిది,” అని మేస్త్రి మెట్లు దిగాడు.

అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా అతను పుస్తకం తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి భుజం మీద చేయి వేసింది. అతను ఆ చేతిని తీసేయలేదు. పట్టుకోలేదు కూడా.

“ఇంకా?” అన్నాడు.

“ఏంటండీ?”

“ఇంకా ఏమేం చేశావు, నాకు తెలియకుండా?”

చేయి దానంతటదే కిందికి జారింది.

ఆమె జవాబు చెప్పలేదు. ఆ ఆలస్యంలోనే అతనికి తెలిసిపోయింది. ముఖం మెల్లగా ఆమె వైపు తిప్పాడు. “రొట్టెల కొట్టుకి వెళ్లేటప్పుడు... వెనకాల వస్తావా?”

లేదని ఒక్క మాట అంటే పోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇవాళ్టికి ఇంకో అబద్ధం ఆ నోట పలకలేదు.

“చెప్పులు విప్పేసి. పదడుగుల వెనక.”

“ఎన్నిసార్లు?”

“ప్రతిసారీ.”

“మొట్టమొదటి రోజు కూడానా? రొట్టె వేడి తగ్గకముందే తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, చూశావా అమ్మా, ఒక్కణ్ణే వెళ్లొచ్చాను అని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ రోజు కూడానా?”

అత్తగారు ముఖం పక్కకు తిప్పేసుకుంది. ఆ రోజు కొడుకు ఘనకార్యం వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పిన మనిషి ఆవిడ.

“ఆ రోజు కూడా,” అంది ఆమె. “దొడ్డిదారిన మీకంటే ముందు ఇంట్లోకొచ్చి నిలబడ్డాను.”

గదిలో వెలుతురు కొంచెం కొంచెంగా పసుపు తిరిగింది. ఆ వెలుతురు అతని ముఖం మీద, ఒళ్లో తెరిచి ఉన్న పేజీల మీద పడుతోంది. అది పసుపని చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు.

“అయితే నేను ఇంతవరకూ ఒక్క అడుగు కూడా ఒంటరిగా వేయలేదన్నమాట,” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

పుస్తకం మూసి పక్కన పెట్టాడు. లేచాడు. తలుపు వెనక ఉన్న కర్ర తీసుకున్నాడు.

“ఎక్కడికిరా?” అత్తగారు లేచింది.

“పనిశాల ఎక్కడుందో చూసొస్తాను. సోమవారం వెళ్లాలిగా.”

“పెద్ద రోడ్డు దాటాలిరా! లారీలొచ్చే రోడ్డు! రేపు మేస్త్రిని రమ్మని...”

“దాటుతానమ్మా.”

గుమ్మం దగ్గర ఆగాడు. వెనక్కి తిరగలేదు. “నువ్వు రావద్దు,” అన్నాడు భార్యతో. “ఈసారి నువ్వు నా వెనక లేవని నాకు తెలియాలి.”

మెట్లు దిగాడు. రోజూ కుడివైపుకి తిరిగే మనిషి ఎడమవైపుకి తిరిగాడు. ఆ వైపు అతని కర్రకు ఏ గోడా, ఏ గుంటా తెలియదు. మొదటి పది అడుగుల్లోనే రెండుసార్లు ఆగాడు. ఎవరి ఇంటి అరుగుకో మోకాలు తగిలి తూలాడు. మళ్లీ నిలదొక్కుకుని సాగాడు.

“చూస్తావేం? పోవే, వెనకే పో!” అత్తగారు కోడలి భుజం పట్టి తోసింది. “చప్పుడు కాకుండా నడవడం నీకు కొత్త కాదుగా!”

“పోనత్తయ్యా.”

“వాడికేమైనా అయితే?”

“ఇప్పుడు పోతే, ఆయన ఇంటికొచ్చినా నా దగ్గరికి రారు.”

కర్ర చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. అక్కడ పెద్ద రోడ్డు మొదలవుతుంది. చప్పుడు ఆగింది. లారీ ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది. చప్పుడు మళ్లీ మొదలు కాలేదు.

అత్తగారు కోడలి చేయి గట్టిగా పట్టుకుంది. కోడలు మాత్రం గడప దాటకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది.